కొత్త చట్టం అడిగే ముందు ఒక తెల్లకాగితం తీయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పదకొండేళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేసి, అమ్మానాన్నల కోసం శ్రీకాకుళం తిరిగి వచ్చానన్నారు. వీధి చివర పందిట్లో అర్ధరాత్రి దాకా మైకు, దారికి అడ్డంగా పెళ్లి షామియానాలు, అపార్టుమెంటు మెట్ల మూలల్లో ఎర్రటి ఉమ్ములు, గోడల వెంట మూత్రం కంపు, బస్సులో పక్క సీటాయన ఫోను మోత, రద్దీలో ఆడపిల్లల మీద కావాలని పడటం, చుట్టాలింట్లో మీ భార్యను అందరి ముందూ "ఇంకా విశేషమేమీ లేదా?" అని అడగడం. ఇవన్నీ ఒకే చట్టం కింద నేరాలుగా ప్రకటిస్తే తప్ప మన ఊళ్లు బాగుపడవని రాశారు. మీ కోపంలో న్యాయం ఉంది.

నేను ఈ ఊళ్లోనే ఇరవై ఆరేళ్లుగా న్యాయవాదిగా పనిచేస్తున్నాను. ఇరుగుపొరుగు తగాదాలు లెక్కలేనన్ని చూశాను. కొన్ని లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి తేల్చాం, కొన్ని రెండు తరాలు నడిచాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీరు రాసినవాటిలో చాలావరకు ఇప్పటికే నేరాలే. తేదీ, వేళ వేసి వాటి మీద ఒక కాగితం రాసిచ్చే మనిషి మాత్రం వీధికి ఒకరు కూడా దొరకరు. మిగిలిన ఒకటి రెండు చట్టం చేతికి అందవు, వాటిని చట్టానికి అప్పగించకూడదు కూడా.

మైకు సంగతి ముందు చూద్దాం. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. పగలు వాడాలన్నా రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా ఉంటుంది కాబట్టి, పందిరికి రెండువైపులా నిలబెట్టే ఆ నల్లటి బాక్సులు ఎంత దాటుతున్నాయో మీరే ఊహించుకోండి. "పండగ కదండీ" అని కమిటీ వాళ్లు అంటారు. పండగకు సడలింపు ఉన్నమాట నిజమే. అయితే అది రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించిన రోజులకే వర్తిస్తుంది, అర్ధరాత్రి 12 వరకే, ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకుండా. వీధి కమిటీ తనకు తాను ఇచ్చుకునే సడలింపు ఏదీ లేదు.

ఈ నియమాలను చాలామంది చదువుకున్నవాళ్ల చాదస్తం అనుకుంటారు. అలా అనేవాళ్లకు నేను 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనుక కథ చెబుతాను. పదమూడేళ్ల ఆడపిల్ల మీద అత్యాచారం జరుగుతుంటే ఆమె వేసిన కేకలు చుట్టుపక్కల మోగుతున్న లౌడ్‌స్పీకరు హోరులో ఎవరికీ వినిపించలేదు. ఆ పిల్ల తరువాత ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఆ వార్త చదివి ఒక ఇంజనీరు కోర్టుకు వెళ్లాడు. శబ్దం గురించి మన దేశంలో వచ్చిన అతి ముఖ్యమైన తీర్పు అలా పుట్టింది. అంతకు ముందు 2000లో, మద్రాసులో ఒక చర్చికి, ఆ కాలనీవాసులకు మధ్య నడిచిన కేసులో, పక్కవాడి ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని అదే కోర్టు తేల్చింది. గుడికి, మసీదుకు, చర్చికి అదే మాట.

మరి చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మీ వీధిలో మైకు ఎందుకు ఆగలేదు? మా వీధిలో ఎలా ఆగిందో చెబితే అర్థమవుతుంది.

కొన్నేళ్ల క్రితం దసరా నవరాత్రులు. పందిరికి నాలుగిళ్ల అవతల ఉద్దానం నుంచి వచ్చి అద్దెకు దిగిన కుటుంబం ఉండేది. ఆ ఇంటాయనకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి ఇంటికి వచ్చాక మనిషి గుడ్డపేలికలా మంచం మీద పడిపోయేవాడు. నేను వెళ్లి చూసిన రాత్రి ఆయన చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే నరం) ఉన్నచోట మెత్తటి తువ్వాలు చుట్టి ఉంది. బాక్సు దెబ్బకు కిటికీ అద్దం జిర్రుమంటోంది. అద్దం అదిరిన ప్రతిసారీ ఆయన కనురెప్పలు అదిరాయి. అద్దెకు ఉన్నవాళ్లం, చెప్తే ఊరుకుంటారా అని భార్య భయపడింది. వీధిలో అందరికీ ఇబ్బందే, కానీ దేవుడి పందిరి మీద పేరెట్టి మాట్లాడటానికి ఎవరికీ నోరు రాలేదు.

మర్నాడు ఉదయం నేను ఒక తెల్లకాగితం మీద ఆరు వాక్యాలు రాశాను. పందిరి తీసేయమనలేదు, పాటలు ఆపమనలేదు. బాక్సులు ఇళ్లవైపు కాకుండా రోడ్డువైపు తిప్పాలని, రాత్రి 10కి కట్టేయాలని, రోగి ఉన్న ఇంటి ముందు టపాకాయలు కాల్చవద్దని అడిగాను. మొదటి రెండు రాత్రులు ఎన్ని గంటల దాకా మోగిందో తేదీలతో రాశాను. కింద మొదటి గుర్తు వీధి చివరి ఇంటి ముసలమ్మగారిది. ప్రతి ఏడాదీ పందిరికి తొలి నూటపదహార్లు చందా ఇచ్చేది ఆవిడే. వేలిముద్ర వేసి, "అమ్మవారికి చెముడు లేదు కదమ్మా" అంది. ఆ వేలిముద్ర కింద సాయంత్రానికి పదిహేడు సంతకాలు పడ్డాయి. ఒక ప్రతి కమిటీకి, ఒక ప్రతి పోలీసు స్టేషనుకు. స్టేషనులో రసీదు అడిగి తీసుకున్నాను. ఆ సాయంత్రమే మైకు సెట్టు కుర్రాడు ఇంటికి వచ్చి, "ఏ కిటికీ అండీ?" అని అడిగి, చూసి వెళ్లి బాక్సులు తిప్పాడు. కేసు లేదు, జరిమానా లేదు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఎవరూ చెప్పకుండానే పదికి కట్టేస్తున్నారు.

ఆ కాగితం పనిచేసింది నా చదువు వల్ల కాదు. అడిగింది చిన్నది, తేదీలు ఉన్నాయి, ఎవరికి నొప్పో రాశాం, ఎవరూ ఎదురు చెప్పలేని పెద్దావిడ ముందు నిలబడింది. మీరు కూడా అంతే చేయండి. అప్పటికప్పుడు ఆపాల్సి వస్తే 112కు ఫోను చేయండి. ఎన్నింటికి చేశారో రాసుకోండి. స్టేషనులో కాగితం తీసుకోకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, అర్జీ నంబరు తీసుకోండి. నంబరు లేని ఫిర్యాదు గాలిలో మాటే.

దారికి అడ్డంగా వేసే షామియానాల మీద కూడా చట్టం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 285వ సెక్షన్ చదవండి. ప్రజలు నడిచే దారికి అడ్డం కల్పిస్తే 5,000 రూపాయల దాకా జరిమానా. పాత శిక్షాస్మృతిలో ఇది 200 రూపాయలే. షామియానా వేసే ఇంటివాళ్లను నేను అడిగేది ఒక్కటే, ఒక పక్క ఆటో పట్టేంత దారి వదలమని. రాత్రి ఎవరికి గుండెనొప్పి వస్తుందో ఎవరికి తెలుసు? అంబులెన్సుకు దారి ఇవ్వని వాహనదారుకు మోటారు వాహనాల చట్టం 194ఇ కింద 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. అనవసరంగా హారన్ మోగిస్తే మొదటిసారి 1,000, మళ్లీ చేస్తే 2,000. ఏడు రోడ్ల కూడలిలో సాయంత్రం పూట నిలబడితే ఈ సెక్షన్ ఉన్నట్టే అనిపించదు, అయినా ఉంది.

ట్యూషన్లకు బండ్ల మీద వెళ్లే పదో తరగతి పిల్లల తండ్రులకు ఒక మాట. మైనరు బండి నడిపి నేరం చేస్తే అదే మోటారు వాహనాల చట్టం 199ఎ ప్రకారం శిక్ష పడేది మీకు. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు నిండే దాకా లైసెన్సు రాదు. ముద్దుచేసి తాళం ఇచ్చే తండ్రులలో ఇది తెలిసినవాళ్లు నాకు అరుదుగా తగిలారు.

ఇక ఉమ్ములు, మూత్రం. ఈ రెంటినీ మీరు ఒకే వాక్యంలో కలిపారు. నేను విడదీస్తాను, ఎందుకంటే ఒకటి లెక్కలేనితనం, రెండోది చాలాసార్లు గత్యంతరం లేనితనం.

మెట్ల మూలలో ఉమ్మేవాడికి వేరే దారి ఉంది. నాలుగు అడుగులు వేసి కిందికి పోవచ్చు. పోడు. ఉమ్మకుండా ఉండాలని గోడకు దేవుళ్ల బొమ్మల టైల్స్ అంటించడం మనకు అలవాటయింది. వేంకటేశ్వరస్వామి, ఏసుప్రభువు, మక్కా, ముగ్గురినీ వరుసగా ఎర్రమూలకు కాపలా పెడతారు. నాకు అది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పైగా అది పూర్తిగా పనిచేయదు కూడా. నేను పనిమీద తరచు వెళ్లే ఒక భవనంలో టైల్స్ అంటించిన మూల శుభ్రపడింది, ఎదుటి మూల ఎర్రబడింది. మా అపార్టుమెంటులో పనిచేసింది వేరు: ప్రతి మలుపులో బల్బు వేశాం, ఇసుక పోసిన డబ్బా పెట్టాం, మరక కనబడిన రోజే సున్నం వేయించి ఆ ఖర్చు నెలవారీ లెక్కలో అందరికీ కనిపించేలా రాశాం. చీకటిమూల, అప్పటికే ఎర్రబడిన గోడ, ఈ రెండూ ఉన్నచోటే మనిషి ధైర్యంగా ఉమ్ముతాడు. బహిరంగ స్థలంలో పొగ తాగడం మీద నిషేధం 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టంలోనే ఉంది, జరిమానా 200 దాకా. బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు. మీ ఇంటి దగ్గరి బడి గేటు నుంచి కిళ్లీ బడ్డీ దాకా ఒకసారి అడుగులు లెక్కపెట్టి చూడండి.

గోడ పక్కన నిలబడే మనిషి సంగతి వేరు. తోపుడుబండి వదిలి ఎంత దూరం పోగలడు? మరుగుదొడ్డి ఉన్నా తాళం ఉంటుంది, లేదా డబ్బులడుగుతారు. ఇదే పరిస్థితిలో ఆడవాళ్లు పొద్దుట నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. మార్కెట్లో కూరలమ్మే ఒకావిడ మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగనని నాతో చెప్పింది. ఆమె పక్కనే గోడ మీద "ఇక్కడ మూత్రం పోయరాదు" అని రాసి ఉంది, ఎక్కడ పోయాలో రాసి లేదు. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. మురుగు, బహిరంగ మలవిసర్జన భరించలేక అక్కడి జనం మేజిస్ట్రేటును ఆశ్రయించారు. మా దగ్గర నిధులు లేవని మున్సిపాలిటీ వాదించింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు చెల్లదన్నారు, కాలువలు, మరుగుదొడ్లు కట్టాల్సిందేనన్నారు. అందులో దోషిగా నిలబడింది పేదవాడు కాదు, కట్టవలసిన సంస్థ. ఆ కేసుకు ఆధారమైన అధికారం ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్‌లో ఉంది. దాని కింద మీరు ఆర్డీవోకు అర్జీ పెట్టవచ్చు. పారిశుద్ధ్యం మీద శాశ్వత లోక్ అదాలత్‌కు కూడా వెళ్లవచ్చు, కోర్టు ఫీజు లేదు.

అందుకే కొత్త నేరాలు సృష్టించమంటే నాకు భయం. మీరు అడిగే జరిమానా ముందు పడేది కారు అడ్డం పెట్టినవాడి మీద కాదు, అరటిపళ్ల బండి మీద. ఆ బండివాళ్లకు 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం రక్షణగా ఉంది, వీధి వ్యాపారుల సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ తొలగించకూడదని చెబుతుంది. అది తెలియక, వాళ్లను తీసేయించమని నా దగ్గరికి వచ్చిన పెద్దమనుషులకు ఆ పని చేయనని చెప్పి పంపాను.

బస్సులో ఫోను మోతకు నేను సెక్షన్లు వెతకను. పాలకొండ వైపు వెళ్లే పల్లెవెలుగులో ఒకసారి నా పక్కన బాలింత, ఒళ్లో పసిగుడ్డు. వెనుక సీటు కుర్రాడి ఫోనులో వీడియోలు ఒకదాని తరువాత ఒకటి అరుస్తున్నాయి. నేను వెనక్కి తిరిగి, "బాబూ, పాపకు ఇప్పుడే కునుకు పట్టింది, కాస్త తగ్గిస్తావా?" అన్నాను. తగ్గించడమే కాదు, ఎండ పడుతోందని కిటికీ తెర కూడా లాగాడు. "బుద్ధి లేదా" అని మొదలుపెట్టి ఉంటే ఆమదాలవలస దాకా తగవే. రైలులో అయితే మాట వినకపోతే రైల్వే హెల్ప్‌లైను 139కి ఫోను చేయండి, రైల్వే చట్టం 145వ సెక్షన్ తోటి ప్రయాణికులను ఇబ్బంది పెట్టడాన్ని నేరంగానే చూస్తుంది.

కానీ రద్దీలో ఆడపిల్లల మీద పడటాన్ని ఈ చిరాకుల వరసలో పెట్టకండి. అది మర్యాద లేకపోవడం కాదు, లైంగిక వేధింపు. భారతీయ న్యాయ సంహితలో 74వ సెక్షన్ కింద ఏడాది నుంచి అయిదేళ్ల దాకా జైలు. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు ఎంత నిండినా, నిండటం ఎవరికీ అనుమతి పత్రం కాదు. అమ్మాయి నోరు విప్పినప్పుడు పక్కవాళ్లు "పోనీలే అమ్మా" అనకుండా ఉంటే సగం పని అయినట్టే. బస్సు ఆపించండి, 112కు లేదా మహిళా హెల్ప్‌లైను 181కి చెప్పండి, సాక్షిగా మీ పేరు ఇవ్వండి. ఇలాంటి కేసులు కోర్టులో వీగిపోవడం నేను చూసింది సాక్షి రాకపోవడం వల్లే.

చిన్నవి రెండు. పది రూపాయల నాణెం చెల్లదని దుకాణదారు అంటే నమ్మకండి, పద్నాలుగు రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. చల్లటి నీళ్ల సీసాకు ముద్రించిన ధర కంటే అదనంగా అడిగితే బిల్లు తీసుకుని వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేయండి.

చివరిగా, మీ భార్యను అడిగిన ప్రశ్న. దీనికి చట్టం లేదు, నేను కోరను కూడా. ఇంట్లో మాటకు పోలీసు రావడం మొదలైతే ముందు నోరు మూతపడేది ఇంట్లో బలహీనులదే.

నాకు పెళ్లయిన ఆరేళ్ల దాకా పిల్లలు లేరు. నరసన్నపేటలో మావాళ్ల గృహప్రవేశం. ఆడవాళ్లందరికీ పసుపు కుంకుమలు ఇస్తూ ఒక పెద్దావిడ నా దగ్గర ఆగింది. "ఇంకా ఏమీ లేదా? డాక్టరుకు చూపించారా? లోపం ఎవరిదట?" అని నలుగురూ వినేలా అడిగింది. మూడు నెలల క్రితమే నాకు గర్భం పోయింది, ఆ సంగతి ఆమెకు తెలియదు. నా చేతిలో తమలపాకులు వణికాయి. అప్పుడు మా అత్తగారు చేతిలో పళ్లెం కింద పెట్టారు. గొంతు పెంచలేదు. "అప్పా, ఆ మాట నన్ను అడుగు, కోడలిని కాదు. దాన్ని నేనే అడగడం లేదు" అన్నారు. మళ్లీ పళ్లెం అందుకుని తరువాతి ముత్తయిదువకు బొట్టు పెట్టారు. ఆ రోజు తరువాత మా చుట్టాల్లో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. ఇరవై ఏళ్లకు పైగా అయింది, నేను కోర్టులో విన్న ఏ వాదనా నన్ను అంతగా కాపాడలేదు.

మీరు అందరి తప్పులూ వివరంగా రాశారు. మీ భార్యను అలా అడిగినప్పుడు మీరు ఏమన్నారో మాత్రం రాయలేదు. అడిగినవాళ్లు మీ వైపు చుట్టాలే కాబట్టి జవాబు మీ నోటి నుంచే రావాలి. ఆమె సర్దుకుని నవ్వేదాకా ఆగకండి. వచ్చే నెల పెళ్లికి వెళ్తున్నామని రాశారు కదా, మళ్లీ అడుగుతారు. అడిగిన క్షణానే, పక్కకు తీసుకెళ్లి కాకుండా అక్కడే, ఆమె వినేలా చెప్పండి: "పిన్నీ, అది మా ఇద్దరి సంగతి. ఇకమీదట అడగాలంటే నన్ను అడుగు."